ఆకుతోట ఎవరిది?

ఆ రోజు జమాలయ్య కాళ్లు నేల మీద ఆనలేదు. దర్గా పెద్ద పీరయ్య తాత దగ్గర శిష్యుడిగా చేరాక, మొట్టమొదటిసారి సొంతంగా ఒక తగువు తీర్చి వచ్చాడు మరి.

తగువు మౌలాలికీ కాశింబీకీ. ఇద్దరూ విడాకులు తీసుకున్నారు. ఇక తేలాల్సింది తమలపాకు తోట. అందులో సగం తనకు రావాలని కాశింబీ అడిగింది. రాకపోతే రేపటి నుంచి ఊళ్లో ఎవరి తోటలోనో కూలికి పోవాల్సిందే. నేల తన తండ్రి ఇచ్చింది, అందులో ఆమెకు వాటా ఏమిటని మౌలాలి పట్టుబట్టాడు.

నేల మౌలాలిదే గనుక తోటంతా మౌలాలిదే అని జమాలయ్య తేల్చేశాడు. అంత సులువుగా తేలిపోయినందుకు తన తెలివి మీద తనకే ముచ్చటేసింది.

"పెళ్లయిన ఏడాదే మా అమ్మగారింటి నుంచి తీగలు తెచ్చి నాటింది నేను గదా సామీ," అందట కాశింబీ. నాటినదంతా నేల గలవాడికే చెందుతుందని ఆమె నోరు మూయించి, పరుగున వచ్చి ఇదంతా తాతకు చెప్పాడు.

తాత మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. తోట చూసొద్దాం పదమని చెప్పులేసుకున్నాడు.

దారిలో మౌలాలి కలిశాడు. ముగ్గురూ అతని బీడు మీదుగా నడిచారు. అదీ తండ్రి ఇచ్చిన నేలే. తోట వాకిట్లో కాశింబీ నిలబడి ఉంది. ఎవరూ చెప్పకుండానే మౌలాలి, జమాలయ్య చెప్పులు విడిచారు. ఆకుతోటలో చెప్పులతో అడుగు పెడితే తోట పాడవుతుందని ఆ వైపు అందరికీ భయం.

తాత మాత్రం చెప్పులతోనే లోపలికి పోబోయాడు.

మౌలాలి ఒక్క ఉరుకున వచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"తాతా, చెప్పులు ఇడిసి రావాల."

"నీ బీడులో ఏసుకునే వస్తిమి గదబ్బీ. అప్పుడేమీ అనలేదే?"

"ఆడేముంది తాతా, వట్టి మన్ను. ఈడ తీగలుండాయి."

ఆ మాట అన్నాక మౌలాలి చేతులు మెల్లగా కిందికి దిగాయి.

తాత వెనక్కి వచ్చి చెప్పులు విడిచాడు. అయినా లోపలికి పోలేదు. గట్టు మీద కూర్చుని శిష్యుడి వైపు చూశాడు.

జమాలయ్యకు కాశింబీ చెప్పిన తీగల మాట గుర్తొచ్చింది. ముందు సిగ్గేసింది. ఆ వెంటనే పట్టలేనంత సంతోషం కలిగింది. గబగబా కాశింబీ ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"లోపలికి రావచ్చా అమ్మా?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. మౌలాలి పక్కకు తప్పుకుని ఆమెకు దారి ఇచ్చాడు.