నుదుటి సుడి, కాలి గిట్ట

ఓబుళమ్మ మాట నిలిచింది. గుర్రం నిలవలేదు. జరిగిన అనర్థం అంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది.

గుర్రాలకు నోరూ, మనుషులకు చెవులూ ఉండిన రోజుల్లో వేగటూరు అనే కోట ఒకటి ఉండేది. ఏటేటా కోతలు ముగిశాక ఆ కోట ముందు మైదానంలో గుర్రప్పందేలు జరిగేవి. ఏ గుర్రం గెలుస్తుందో పందేనికి ముందే చెప్పడం ఓబుళమ్మ పని. ఆమెకు ముందు వాళ్ల నాన్న చెప్పేవాడు. అందుకుగాను రాజు తిమ్మభూపాలుడు ఆ ఇంటికి మడిచెక్క ఒకటి మాన్యంగా ఇచ్చాడు.

గుర్రం నుదుటి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోటును సుడి అంటారు. ఓబుళమ్మ ఆ సుడి చూసే చెబుతుందని ఊరంతా నమ్మేది. నిజానికి ఆమె సుడి వంక కన్నెత్తి చూసేది కాదు. గిట్ట పట్టి చూసేది. ఊపిరి వినేది. తొట్టిలో దాణా ఎంత మిగిలిందో చూసేది. ఆ తరవాత గుర్రాన్నే అడిగేది, అది చెప్పేది. "సుడిలో ఏమీ లేదర్రా" అని మొదట్లో నలుగురికీ చెప్పి చూసింది. ఎవరూ వినలేదు. చెప్పడం మానేసింది.

కిందటేడు పిడుగు అనే గుర్రం గెలుస్తుందని చెప్పింది. ఊరంతా పిడుగు మీదే కాసింది. సగం దూరంలో దాని కాలు మడతపడింది. అక్కడ ఆపితే బతికేదే. కానీ గెలుస్తుందని ఓబుళమ్మ చెప్పాక ఆపేదెవరు? రౌతు కొరడా ఎత్తాడు, ఊరు గొంతెత్తింది. పిడుగు అందరికన్నా ముందు జెండా దాటింది. దాటి, కూలిపోయింది. మళ్లీ లేవలేదు. జనం దాని పక్కనుంచే పరుగెత్తుకెళ్లి ఓబుళమ్మ మెడలో పూలదండ వేశారు.

ఆమె ఆ దండ ఇంటికి తీసుకెళ్లి గేదెకు వేసింది. గేదె తినేసింది.

ఏడాది తిరిగింది. మళ్లీ రేపు పందేలు. ఆ పొద్దున ఓబుళమ్మకు పక్క మీదనుంచి లేవాలనిపించలేదు. అయినా లేచింది. మాన్యం తిన్నాక లేవక తప్పుతుందా?

మొదటి పందేనికి దిగే గుర్రాల్లో మబ్బు అనే కుర్ర గుర్రం ఉంది.

"ఎలా ఉన్నావురా?" అంది ఓబుళమ్మ.

"ఆకలిగా ఉన్నాను."

"కాళ్లో?"

"నాలుగూ ఉన్నాయి."

"నిరుడు మలుపు దగ్గర దారి తప్పి పక్కకు పోయావు గదా, ఈసారీ అంతేనా?"

"నిరుడు అక్కడ చెరకు తోట ఉండింది. ఈ ఏడు కొట్టేశారు. ఇంకెందుకు పోతాను?"

రెండో పందేనికి గంధం వర్తకుడు చెంగల్రాయుడు తన ఎర్రగుర్రం కుంకుమను సిద్ధం చేశాడు. ఓబుళమ్మను చూడగానే ఎదురొచ్చాడు.

"చూడక్కా! మొన్నటిదాకా దీని నుదుట ఒక్కటే సుడి. దేవుడి దయవల్ల రెండోది పుట్టింది!"

"రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లంటారు. రెండు గెలుపులని ఎవరన్నారు?" అంటూ ఆమె దగ్గరికి వంగింది. తుమ్మబంక వాసన గుప్పుమంది.

"దురదగా ఉందమ్మా" అని గొణిగింది కుంకుమ.

చెంగల్రాయుడు గొంతు తగ్గించాడు. "నీకో పట్టుచీర పెడతానక్కా. చూసీ చూడనట్టు పో."

"నాకు చీరలున్నాయి. దానికి దురదుంది. ముందు ఆ బంక కడుగు."

అతను తల ఊపాడు గానీ కడగలేదు.

మూడో పందెం రాజుగారిది. ఆయన తెల్లగుర్రం వెన్నెల నుదుట చంద్రవంకలాంటి సుడి ఉంది. ఆ సుడి చూసే రాజు దాన్ని కొన్నాడు. ఓబుళమ్మ వెళ్లేసరికి తొట్టిలో దాణా వేసింది వేసినట్టే ఉంది. ముందుకాలు గిట్ట పట్టుకుంటే పొయ్యి మీద పెనంలా కాలింది.

"ఎప్పటినుంచి తల్లీ?"

"రాళ్లబాటన వేటకు తీసుకెళ్లినప్పటినుంచి. అమ్మా, నేను గెలుస్తానని మాత్రం చెప్పకు."

"ఓడిపోతావని చెప్పనా?"

"అప్పుడు ఓడిపోకుండా కొడతారు. గెలుస్తానంటే గెలిచేదాకా కొడతారు" అంది వెన్నెల. ఆ కాలు నేలకు ఆనించకుండానే, "పిడుగు నా తమ్ముడమ్మా" అంది.

ఓబుళమ్మ గడ్డిమోపు మీద చతికిలబడింది. ఆమెకు ఒళ్లు అలిసిపోలేదు. నోరు అలిసిపోయింది.

మర్నాడు మైదానం కిటకిటలాడింది. "ఓబుళమ్మా, పేరు! ఓబుళమ్మా, పేరు!" అని జనం అరిచారు.

మొదటి పందేనికి, మబ్బు ఆరోగ్యంగానే ఉంది గదా అనుకుని, "మబ్బు" అనేసింది. మబ్బు గెలిచింది. మిగతావి మలుపు తిరిగేసరికే అది జెండా దగ్గరుంది. అయినా దాని వీపంతా కొరడా వాతలు.

"వెనక కనుచూపు మేరలో ఎవరూ లేరు గదరా! ఎందుకు కొట్టావు?" అని రౌతును నిలదీసింది.

"గెలుస్తుందని నువ్వే చెప్పావు గదమ్మా! గెలవకపోతే జనం నన్ను కొడతారు" అన్నాడు వాడు.

ఇక నోరు తెరవకూడదనుకుంది. రెండో పందేనికి ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు. ఆమె చెప్పకపోతే ఏం, రెండు సుడులున్నాయి గదా అని జనం కుంకుమ మీద కాశారు. ఎండ ఎక్కింది. కుంకుమకు చెమట పట్టింది. బంక కరిగి, రెండో సుడి మెల్లగా నుదుటి మీదనుంచి ముక్కు మీదికి జారింది. కుంకుమ దురద ఆపుకోలేక పందెం మధ్యలో ఆగి, గుంజకు మొహం రుద్దుకుంది. మిగతా గుర్రాలు వెళ్లిపోయాయి.

నవ్విన జనమే కాసేపటికి ఓబుళమ్మ మీద పడ్డారు. "నీకు తెలుసు! తెలిసీ చెప్పలేదు!"

వాళ్లు అన్నదాంట్లో తప్పు లేదు. చెబితే గుర్రం వీపు చిట్లింది, చెప్పకపోతే జనం మోసపోయారు. మరేం చెయ్యాలి?

ఇంతలో రాజు పిలిపించాడు. ఆయన పక్కన, ఆ పందేనికే తన గుర్రాన్ని తెచ్చిన పొరుగు కోట దొర ఆసీనుడై ఉన్నాడు.

"ఓబుళమ్మా, మా వెన్నెల గెలుస్తుందని దొరవారికి నీ నోటితో వినిపించు."

"ఏలినవారు మన్నించాలి. గెలిచే పేరు చెప్పను. పరుగెత్తకూడని పేరు చెబుతాను. వెన్నెల పరుగెత్తకూడదు."

రాజు గద్దె మీదనుంచి ముందుకు వంగాడు.

"దాని సుడి చూసే అంటున్నావా?"

"సుడి తమరు చూశారు. గిట్ట పట్టి చూశారా ప్రభూ?"

దొర పకపకా నవ్వాడు. "మా గుర్రాన్ని చూడగానే ఎవరి గుర్రానికైనా కాలు నొప్పే లెండి!"

రాజు మొహం కందగడ్డయింది. ఓబుళమ్మ మాట అబద్ధమని చూపించాలనే గద్దె దిగాడు. వెన్నెల కాలు ఎత్తి పట్టుకున్నాడు. గిట్ట వేడి అరచేతికి తగిలింది. వెన్నెల ఒళ్లంతా వణికింది.

"పరుగెత్తగలవా?" అన్నాడు మెల్లగా.

"గెలవమంటే గెలుస్తాను ప్రభూ. మా తమ్ముడూ గెలిచాడు."

రాజు గిట్ట వదలకుండా అలాగే కూచుండిపోయాడు. జనం చూస్తున్నారు. దొర చూస్తున్నాడు. చివరికి రాజు లేచి, "జీను దించండి" అన్నాడు.

ఆ తరవాత ఓబుళమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పింది నిజమే. కానీ పరాయివాడి ముందు మా తల దించావు. గెలిచే పేరు చెప్పనిదానికి మాన్యం దేనికి?"

"చిత్తం" అని ఆమె ఇంటికెళ్లి గేదెకు గడ్డి వేసింది.

మడిచెక్క పోయింది. ఆ ఏడంతా పాలమ్మి బతికింది. ఊళ్లోవాళ్లు, "ఒక్క పేరు చెప్పి ఉంటే ఏం పోయేదే?" అని దెప్పారు. "గుర్రం పోయేది" అని ఆమె పాలు కొలిచి పోసింది.

మళ్లీ కోతలు ముగిశాయి. రాజు కబురు పంపాడు. వెన్నెల కోలుకుంది, వచ్చి గెలిచే పేరు చెబితే మాన్యం తిరిగి నీదేనని. ఓబుళమ్మ వెళ్లింది. గిట్ట పట్టి చూసింది. ఊపిరి విన్నది. ఖాళీ తొట్టి చూసింది.

"ఇది పరుగెత్తవచ్చు" అంది.

"గెలుస్తుందా?"

"పరుగెత్తవచ్చు ప్రభూ."

"మాన్యం వద్దా?"

"కావాలి. కానీ ఇది పరుగెత్తవచ్చు, అంతే."

రాజు ఆమెకేసి చూశాడు. వెన్నెల కాలికేసి చూశాడు. "మొండిఘటానివి" అని నిట్టూర్చి, మాన్యం తిరిగి ఇచ్చేశాడు. ఓబుళమ్మ సరేనననిదే ఏ గుర్రమూ మైదానంలో అడుగు పెట్టరాదని దండోరా కూడా వేయించాడు.

ఆ రోజు వెన్నెల రెండోదిగా వచ్చింది. వచ్చి, తన కాళ్ల మీద తనే నడిచి ఇంటికెళ్లింది.

ఓబుళమ్మ బతికినన్నాళ్లూ గెలిచే గుర్రం పేరు మళ్లీ ఎవరికీ చెప్పలేదు. దొరలు అడిగినా చెప్పలేదు, చుట్టాలు గడ్డం పట్టుకుని బతిమాలినా చెప్పలేదు.

గెలిచేదెవరో చెప్పడం తెలివి. ఆగాల్సిందెవరో చెప్పడం ధర్మం.