పాట దించడం

పేరయ్య గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, అడిగినవాళ్ళకి ఆ సాయంత్రం పని పడ్డట్టే. ఆయన కోలాటం గురువు. నోటితో జవాబు చెప్పడం ఆయనకి చేతకాదో, ఇష్టం లేదో తెలియదు గానీ, ఈ ఏడు వానలెందుకు పడలేదని అడిగినా ముందు నలుగురి చేత అడుగులు వేయించేవారు. ఆ అడుగుల్లో జవాబు దొరికినవాళ్ళకి దొరికేది. దొరకనివాళ్ళకి కనీసం అన్నం అరుగుతుంది కదా అనేవారు.

చీరాల దగ్గర ఒక నేతగాళ్ళ పేట. ఒక సాయంత్రం బడి ఆవరణలో ఆడవాళ్ళు గజ్జెలు కట్టుకుంటూండగా హైమావతి వచ్చింది. ఆమె గజ్జెలు తెచ్చుకోలేదు. తన కోలల జతని కొంగులో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకొచ్చింది.

హైమావతి అంగన్‌వాడీ టీచరు. ఆమెకి చాలాకాలంగా కీళ్ళవాతం. ఒంటిని కాపలా కాయాల్సిన శక్తే తిరగబడి కీళ్ళ మీద పడే జబ్బు అది. డాక్టరమ్మ ఇచ్చిన మందులతో కొన్నేళ్ళుగా సద్దుమణిగి ఉంది. ఆ ధైర్యంతోనే కోలాటంలో చేరింది. చేరిన ఏడాదికే లోపలి వరుసలో మొదటి జతకి ఎక్కింది. అప్పట్నుంచీ వంట చేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా కాలు ఊరుకునేది కాదు. భర్త ఎంత వేళాకోళం చేసినా పట్టించుకునేది కాదు. చాలా ఏళ్ళు తన ఒంటికి తానే భయపడి బతికిన మనిషికి అదొక పండగ.

అంతలో అంగన్‌వాడీ పిల్లల నుంచి వైరల్ జ్వరం అంటుకుంది. మనిషిని నాలుగు రోజులు మంచాన పడేసి దాని దారిన అది పోయింది. పోతూ పోతూ కీళ్ళని నిద్ర లేపి మరీ పోయింది. వేళ్ళు ఉబ్బాయి, మోకాళ్ళు బిగుసుకున్నాయి, పొద్దున్నే పిడికిలి మూద్దామంటే మూతపడదు. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, జ్వరం తెచ్చిన పురుగు ఒంట్లోంచి పోయిందనీ, దాన్ని తరమడానికి లేచిన కాపలాయే ఇంకా చల్లబడలేదనీ చెప్పింది. జ్వరంలో ఆపించిన పాత మందు మళ్ళీ మొదలుపెట్టించి, కొన్నాళ్ళపాటు స్టెరాయిడ్ మాత్రలు కూడా రాసింది. వాటిని తను చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి తప్ప సొంతంగా ఆపొద్దని ఒకటికి రెండుసార్లు హెచ్చరించింది.

మాత్రలు పడగానే హైమావతికి ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణం ఊరికే ఉంటుందా? స్టెరాయిడ్ వేసుకుంటే మొహం ఉబ్బిపోతుందని పక్కింటావిడ అననే అంది. నొప్పి లేనప్పుడు మందెందుకులే అనుకుని, హైమావతి ఎవరికీ చెప్పకుండా ఆ మాత్రలు మానేసింది. తీరా ఆ రోజు పొద్దున కూతురికి జడ వేయబోతే వేళ్ళు వంగలేదు. ఆ పిల్ల తన జడ తానే అల్లుకుని, అమ్మకి కూడా కొప్పు ముడిచి కాలేజీకి పోయింది. హైమావతి అద్దం ముందు కూర్చుని బాగా ఏడ్చింది. జట్టు కోలాటం ఆడాల్సిన తిరునాళ్ళు దగ్గరికొచ్చేశాయి. ఇక కోలాటం తన నుదుట రాయలేదని తేల్చుకుని, కోలలు అప్పగించి వెళ్ళిపోదామని వచ్చింది.

గురువుగారి ముందు కొంగు విప్పి, వాటిని వేరే ఎవరికైనా ఇమ్మంది. మాత్రలు మానేసిన సంగతి మాత్రం బయటపెట్టలేదు. వెళ్ళబోతూ ఆగి, కడుపులో ఉన్నది అడిగేసింది.

"జ్వరం పోయి పక్షం దాటింది గురువుగారూ. వచ్చినవాడు వెళ్ళిపోయాడుగా, నా ఒళ్ళు ఇంకా ఎవర్ని కొడుతున్నట్టు?"

పేరయ్య గారు కోలలు అందుకోలేదు. బల్ల మీద పెట్టమని, ఒక కుర్చీ తెప్పించి ఆవరణ నడిమధ్య వేయించి, ఆమెని అందులో కూర్చోబెట్టారు. తన మెడలోని ఈల తీసి ఆమె మెడలో వేశారు. గొంతుకి వాతం లేదు కదా అని అడిగి, లేదంటే, అయితే పాట ఎత్తుకోమన్నారు.

హైమావతి అయిష్టంగానే ఎత్తుకుంది. ఆమె చుట్టూ రెండు వరుసలూ కదిలాయి. గురువుగారు తాళాలు వాయిస్తూ పక్కన నిలబడ్డారు. మొదటి చరణం నడకలో సాగింది, రెండో చరణానికి ఊపందుకుంది. మూడో చరణానికి గజ్జెల మోతలో ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. పాడుతూ పాడుతూ వేళ్ళ సంగతే మర్చిపోయింది. ఇంకా, ఇంకా అని ఎక్కించింది. జడలు ఎగురుతున్నాయి, కోలలు కంటికి ఆనడం లేదు. సరిగ్గా అప్పుడు గురువుగారు ఆమె చెవి దగ్గరకి వంగి, ఈల వేసి ఆపెయ్యమన్నారు. ఆమె వేసింది.

పాట ఠక్కున ఆగింది. కోలలు ఆగలేదు. రవణమ్మ కోల వెళ్ళి దుర్గాంబ బొటనవేలి మీద పడింది. వెనక వస్తున్నవాళ్ళు ముందు నిలబడ్డవాళ్ళ మీద పడ్డారు. ఒకావిడ కొప్పు ఊడింది, ఇంకొకావిడ గిర్రున తిరిగి వెళ్ళి మట్టిలో చతికిలబడింది. దుర్గాంబ వేలు నోట్లో పెట్టుకునే రవణమ్మని దులిపేస్తోంది. రవణమ్మ తప్పంతా ఈలదేనంటోంది. హైమావతికి నవ్వు ఆగడం లేదు, నవ్వొచ్చినందుకు సిగ్గుగానూ ఉంది.

గురువుగారు మాత్రం మహా గంభీరంగా, రవణమ్మకి దుర్గాంబ మీద పాత కక్షలేమైనా ఉన్నాయా అని హైమావతిని అడిగారు. కక్షలా, ఇద్దరూ వచ్చే మాఘంలో వియ్యపురాళ్ళు కాబోతున్నారని ఆమె నవ్వుతూనే చెప్పింది.

"మరి కొట్టిందేం?"

"ఆవిడేం చేస్తుంది గురువుగారూ, చెయ్యి అంత వేగంలో ఉంటే," అంది హైమావతి. అన్నాక ఆమె నవ్వు కొంచెం నెమ్మదించింది.

ఆయన తాళాలు సర్దుకున్నారు. మళ్ళీ ఎత్తుకోమన్నారు. ఈసారి కూడా పాట ఆకాశానికి ఎక్కింది. ఎక్కాక ఆయన తాళం కొద్దిగా, చాలా కొద్దిగా నెమ్మది చేశారు. హైమావతి దాన్ని పట్టుకుని గొంతు సడలించింది. జట్టు ఊరికే దిగిందా? వెలుపలి వరుస ముందుకే లాగింది. దుర్గాంబ జత ఒకసారి దిగినట్టే దిగి మళ్ళీ పరుగందుకుంది. హైమావతి అదే చరణాన్ని అదే నడకలో మళ్ళీ పాడాల్సి వచ్చింది. కాసేపటికి అంతా కుదురుకున్నట్టు కనిపించగానే ఆమె చెయ్యి ఈల మీదికి పోయింది. గురువుగారు తల అడ్డంగా ఊపారు. ఆమె ఈల వదిలేసి ఇంకో చరణం పాడింది, ఇంకాస్త దించింది, మరొకటి పాడింది. చివరికి పాట మాటలాడుతున్నట్టు అయింది. అడుగులు సంతకి వెళ్ళే నడకలోకి వచ్చాయి. కోలలు ఒకదాన్నొకటి మెల్లగా తాకి, ఎవరూ చెప్పకుండానే నిలబడిపోయాయి. ఎవరి వేలికీ దెబ్బ తగల్లేదు. ముందుగా నవ్వింది దుర్గాంబ, ఆ తర్వాత ఆవరణంతా నవ్వింది.

హైమావతి మాత్రం కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది. ఆడవాళ్ళు మంచినీళ్ళ కోసం అటు మళ్ళాక, వినపడీ వినపడనట్టు అంది.

"మాత్రలు నేనే మానేశాను గురువుగారూ. ఎవర్నీ అడక్కుండా, ఒక్కసారిగా."

"ఈల వేశావన్నమాట," అన్నారు పేరయ్య గారు.

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వాటి వెనకే నవ్వూ వచ్చింది. అక్కడి నుంచే డాక్టరమ్మకి ఫోను చేసి ఉన్నదంతా చెప్పింది. ఆవిడ ముందు బాగా చీవాట్లు పెట్టింది. ఆపైన, మాత్రలు మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో చెప్పి, తెల్లారి వచ్చి కనపడమంది. వాపు దిగేదాకా కోలలు పట్టొద్దనీ, వేళ్ళని మాత్రం బిగుసుకోనివ్వకుండా మెల్లగా కదుపుతూ ఉండమనీ, పాడుకుంటే తనకేమీ అభ్యంతరం లేదనీ చెప్పింది. ఆ చివరి మాటని హైమావతి ఆవరణలో ఉన్న అందరికీ వినపడేలా పైకి చెప్పింది.

వెళ్ళేముందు బల్ల దగ్గరకి పోయి తన కోలలు తాను తీసుకుంది. ఇవి ఇంకెవరికీ ఇవ్వొద్దండీ, అంటూ మళ్ళీ కొంగులో చుట్టుకుంది. ఈ తిరునాళ్ళకి తన జతలోకి వేరే మనిషిని చూసుకోవాల్సిందేనని కూడా అంది. ఆ మాట అనడానికి పొద్దున్న ఎంత ఏడ్చిందో, ఇప్పుడు అంత తేలిగ్గా అనేసింది. తర్వాత మెడలోని ఈల తీసి గురువుగారికి ఇవ్వబోయింది.

ఆయన చెయ్యి చాచలేదు.

"ఉండనీమ్మా, తిరునాళ్ళలో నువ్వే పాడాలి. పాట ఎక్కించేవాళ్ళు నాకు బోలెడుమంది ఉన్నారు."