కనకవల్లి చూడని నెమలి

అనగా అనగా, ఎండ మండినా నీడకు కొదవలేని ఒక చిన్న రాజ్యం. దాన్ని ఏలే రాణి పేరు శశిప్రభ. కోట వెనకున్న చిట్టడవిలో పిట్టలనూ పురుగులనూ చూస్తూ తిరగడమంటే ఆమెకు ప్రాణం.

ఆ వేసవిలో రాణి మెట్ల మీద జారిపడింది. కాలు విరిగింది. మంచం దిగే వీలు లేదు. రోజురోజుకూ తిండి తగ్గింది, మాటా తగ్గింది.

చివరకు ముగ్గురిని పిలిపించింది. ఒకరు సేనాపతి, ఒకరు ఆస్థానకవి, ఇంకొకరు కోటకు సుగంధద్రవ్యాలు తెచ్చే వర్తకుడి కోడలు కనకవల్లి.

"నా బదులు మీరు చిట్టడవిలో నడిచి రండి. ఏం చూశారో చెప్పండి. ఎవరి మాట నా మనసుకు నచ్చితే, వాళ్లే ఇకమీద నాకు కళ్లు" అంది.

ముగ్గురూ వెళ్లారు, ఎండెక్కాక తిరిగొచ్చారు.

సేనాపతి వలవేసి పట్టిన చిలకలనూ, రెక్కలు నలిగిన సీతాకోకచిలుకలనూ రాణి ముందు పెట్టాడు. ఆమె ముఖం తిప్పుకుంది. "ముందు ఆ చిలకలను వదిలిపెట్టు నాయనా" అంది.

తర్వాత కవి చేతులు జోడించాడు. "దేవీ! పురివిప్పి ఆడే నెమళ్లను చూశాను. బంగారు రంగు తుమ్మెదలను చూశాను. కోకిల తన గూట్లో కూర్చుని పిల్లల నోటికి పండ్లు అందిస్తుంటే చూశాను!"

చుట్టూ ఉన్నవాళ్లు "భళా!" అన్నారు.

తలుపు దగ్గర నిలబడ్డ కనకవల్లి తనలో తాను అనుకుంది: 'నేను చూసింది ఒక కందిరీగ, ఒక పిట్ట. చెబితే నవ్వరూ? నేనూ ఒక నెమలిని కలిపితే ఎవరికి తెలుస్తుంది?' నెమలి మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఆశగా తనవైపే చూస్తున్న రాణి కళ్లు కనిపించాయి. అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"అమ్మా, నాకు కనిపించింది తక్కువే. ఒక కందిరీగ తడిమట్టి తెచ్చి బండకు గూడు కట్టింది. ఒక పచ్చపురుగును మోసుకొచ్చి, లోపల పెట్టి మూసేసింది. ఎందుకో నాకు తెలియదు."

"పుట్టబోయే పిల్లకు మేత అది. ఇంకా?" అంది రాణి.

"ఒక పిట్ట. పేరు తెలియదమ్మా. పొడుగాటి ముక్కుతో నేలను పొడుస్తోంది. నన్ను చూసి తలమీది కుచ్చును విసనకర్రలా విప్పి, ఎగిరిపోయింది. అంతే."

రాణి దిగ్గున లేచి కూర్చుంది. "కిరీటం పిట్ట! చిన్నప్పుడు మా అన్నయ్యా నేనూ దానికి పెట్టుకున్న పేరది. ఇంకా వస్తోందన్నమాట!" ఆమె కళ్లు చెమర్చాయి.

తర్వాత మెల్లగా కవివైపు తిరిగింది. "కవిగారూ, కోకిల గూడు కట్టదు కదండీ. కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. అది అబద్ధమని తెలిశాక మీ నెమళ్లను ఎలా నమ్మను?"

కవి తల దించుకున్నాడు.

ఆ పూట రాణి కడుపునిండా తిన్నది. మర్నాడు కాలికట్టుతోనే పల్లకి ఎక్కి, "ఇకమీద నువ్వే నాకు కళ్లు" అని కనకవల్లిని వెంటబెట్టుకుని చిట్టడవికి వెళ్లింది. చాలాసేపు కూర్చున్నా ఒక చీమల బారు తప్ప ఏమీ రాలేదు. ఇద్దరూ దాన్నే చూస్తూ హాయిగా కబుర్లు చెప్పుకున్నారు.

చూసింది కొంచెమే అయినా ఉన్నదున్నట్టు చెప్పేవారినే లోకం నమ్ముతుంది. లేనిది కల్పించి చెప్పేవారు నిజం చెప్పినా నమ్మదు.