తలపాగా కోసం ఒప్పుకున్న బసవయ్య

అనగనగా, ఏటికి అవతల ఒక ఊళ్ళో నాంచారమ్మ అని సాలెవాళ్ళ కోడలు ఉండేది. ఊ కొట్టండర్రా, కొట్టకపోతే నేను పడుకుంటా. ఆ ఊళ్ళోనే బసవయ్య అని ఓ మోతుబరి. కూతురి పెళ్ళికి నాంచారమ్మ చేత పట్టుచీరలు నేయించుకున్నాడు. చీరలు కట్టారు, పెళ్ళయింది, డబ్బు మాత్రం ఇవ్వలేదు. పట్టు అప్పిచ్చిన షావుకారేమో దసరాలోగా బాకీ కట్టకపోతే మగ్గం పట్టుకుపోతానన్నాడు. మగ్గం పోతే వాళ్ళింట్లో పొయ్యి వెలగదు.

రాజుగారి దగ్గరికెళ్ళింది. ఆయన ఇద్దరి మాటా విని, ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పారు. బసవయ్య వంగి దణ్ణం పెట్టి, ఇంటికొచ్చి తలుపేసుకున్నాడు. తీర్పు చెప్పగానే డబ్బు నడిచొస్తుందా, నా తల్లీ?

మళ్ళీ వెళ్ళింది. రాజుగారు బంట్రోతునిచ్చి, బసవయ్యది ఏదుంటే అది పట్టుకు రమ్మన్నారు, ఇంకొకళ్ళది గడ్డిపరకైనా ముట్టొద్దన్నారు. బంట్రోతు ఇల్లెవరిదయ్యా అంటే మా ఆవిడదన్నాడు బసవయ్య. గాదెలో ధాన్యం ఎవరిదంటే మా అల్లుడిదన్నాడు. గిత్తలెవరివంటే మా బావమరిదివన్నాడు. కాళ్ళకున్న చెప్పులెవరివంటే అవీ మా తమ్ముడివేనన్నాడు, సిగ్గులేని మనిషి. నవ్వకండి, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బంట్రోతు ఉత్త చేతులతో తిరిగెళ్ళాడు.

అత్తగారు పోనీవే అంది. మొగుడూ పోనిద్దూ అన్నాడు. నేసింది నేను, వేళ్ళు నొప్పెట్టింది నాకు, ఎందుకు పోనివ్వాలంది నాంచారమ్మ. రోజూ బసవయ్య వీధిలోంచే నీళ్ళకి వెళ్ళేది. ఆయన గిత్తల్ని ఎవర్నీ తాకనివ్వడు, తనే కడుగుతాడు, తనే ఉలవలు పెడతాడు. అది చూసి మనసులో పెట్టుకుంది.

ఊ కొడుతున్నారా? దసరా ముందు ఆ ఊళ్ళో ఎడ్లు బండ లాగే పందెం. గెలిచిన ఎడ్ల ఆసామికి నలుగురిలో తలపాగా చుడతారు. ఆ ఏడు తలపాగా గుడ్డ నాంచారమ్మే జరీ అంచుతో నేసింది. బంట్రోతునీ పందేనికి రమ్మంది.

బసవయ్య గిత్తలే గెలిచాయి. ఆసామి ఎవరని పెద్దలు అడిగారు. నాంచారమ్మ ముందుకొచ్చి, బావమరిదిగారండీ, బసవయ్యగారే చెప్పారు, అంది. బావమరిది తలపాగా చుట్టించుకోడానికి తల వంచాడు. ఒక చుట్టు చుట్టారు, బసవయ్య పళ్ళు కొరికాడు. రెండో చుట్టు చుట్టారు, మీసం వణికింది. మూడో చుట్టుకి ఇక ఆగలేకపోయాడు.

"అవి నా గిత్తలు! కొన్నది నేను, పెంచింది నేను, వీడు ఏనాడైనా గుప్పెడు గడ్డి వేశాడా?"

ఊరంతా విన్నారు. బంట్రోతు నెమ్మదిగా వచ్చి పగ్గాలు పట్టుకున్నాడు.

గిత్తల్ని తోలుకుపోతుంటే బసవయ్య చంటిపిల్లాడిలా ఏడ్చి, ఇంటికి పరిగెత్తి డబ్బు తెచ్చి నాంచారమ్మ కొంగులో పోశాడు. ఆవిడ గిత్తల్ని విడిపించింది. షావుకారు బాకీ తీరింది, మగ్గం ఇంట్లోనే ఉంది. తలపాగా బసవయ్యకే చుట్టారు. ఆ గుడ్డ వెల కూడా నాంచారమ్మ అక్కడే, ఆయన దగ్గరే వసూలు చేసింది.

చేసిన పనికి కూలి అడగడానికి సిగ్గుపడకండర్రా. ఒకసారి అడిగి ఊరుకోకండి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.