చెలమను చెరిపేసిన చట్టం

చిల్లకొండ అడవిలో దుప్పులు, పందులు, కుందేళ్లు, కొండముచ్చులు ఉండేవి. ఎదిగిన పిల్లల కోసం అక్కడొక పెద్దబడి కూడా ఉండేది. అందులో ముసలి తాబేలు అడవి చరిత్ర చెప్పేది.

పూర్వం ఒకసారి కరువొచ్చి వాగు ఎండిపోయింది. అప్పుడొక అడవి పంది వాగు మలుపులో ఇసుక తవ్వి చెలమ తీసింది. ఆ నీళ్లే అందరినీ బతికించాయి. ఈ పాఠం అయిన రోజున పిల్లలన్నీ వెళ్లి పంది మనవలకు దుంపలు ఇచ్చి రావడం బడి ఆనవాయితీ.

అడవి సభకు పెద్ద ఒక కొమ్ముల దుప్పి. పందులకు దక్కే ఈ గౌరవం చూసి అది కళ్లలో నిప్పులు పోసుకునేది. ఒక ఏడు దాని పెద్దకొడుకు కూడా దుంప నోట కరచుకుని వెళ్లాడు. ఆ రోజు దుప్పి గడ్డి ముట్టలేదు.

"బురదలో పొర్లేవాళ్లకు నా కొడుకు కానుకలు మోయాలా? మా వంశం పేరు ఒక్క పాఠంలోనైనా ఉందా?" అని కుళ్లిపోయింది.

ఓర్వలేనివాడికి అధికారం కూడా ఉంటే ఇక అడ్డేముంది? మర్నాడే సభలో చట్టం చేసింది. బడిలో పంది పేరు, చెలమ పేరు ఎత్తకూడదు. దుప్పి తాత కొండెక్కి, తల పైకెత్తి నిలబడితే వాన కురిసిందని చెప్పాలి.

"అలా జరగలేదు కదయ్యా!" అంది తాబేలు.

"చట్టమయ్యాక జరిగినట్టే," అంది దుప్పి. తాబేలును బడి మాన్పించింది.

కొన్నేళ్లకు మళ్లీ కరువొచ్చింది. పందులు చెలమ తవ్వాయి. పెద్దలు గుట్టుగా వెళ్లి తాగారు కానీ, చట్టానికి జడిసి పిల్లలకు చెలమ మాట చెప్పలేదు. బడిపిల్లలు మాత్రం కొండెక్కి, తలలెత్తి నిలబడ్డాయి. దుప్పి చిన్నకూతురు చుక్కి అందరికంటే ముందుంది. దాహంతో దాని నాలుక ఎండిపోయింది.

దుప్పి పరుగెత్తుకొచ్చింది. "దిగిరా తల్లీ! మలుపులో చెలమ ఉంది."

"చెలమంటే ఏమిటి నాన్నా? పాఠంలో లేదే! తాతలాగే నేనూ వాన తెస్తాను," అంటూనే చుక్కి కూలబడింది.

పిల్లలందరి ముందూ దుప్పి తల దించుకుంది. "తాత వాన తేలేదమ్మా. అది నేను అల్లిన అబద్ధం."

"మరి తాత ఏం చేశాడు?"

"పంది తవ్విన చెలమలో నీళ్లు తాగాడు. అందుకే మనం ఉన్నాం."

చుక్కి మెల్లగా లేచి, తండ్రి ఆసరాతో కొండ దిగి, మిగతా పిల్లలతో కలిసి నీళ్లు తాగింది. దుప్పి ఆ చట్టం ఎత్తేసి, తాబేలును బతిమాలి బడికి తెచ్చింది. కానీ ఆనాటి నుంచి తండ్రి ఏం చెప్పినా చుక్కి ఒక్కటే అడిగేది: "ఇది నిజమేనా నాన్నా?"

నీతి: అసూయతో చరిత్రను మార్చేవాడు ముందుగా తన బిడ్డలనే మోసం చేసుకుంటాడు.