కనిపించని ఎలక్ట్రాన్ల బడి

ఆ బడికి మాస్టర్లు ఇద్దరే. హెడ్మాస్టరు పానకాలు, ఆయన బావమరిది భూషయ్య. తమకున్నంత తెలివి జిల్లా మొత్తంలో ఎవరికీ లేదని ఇద్దరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకం తప్పని తెలుసుకునేపాటి తెలివి కూడా లేదు పాపం.

ఒకరోజు కబురొచ్చింది. సోమవారం విద్యాశాఖ అధికారి వస్తాడట, ఎనిమిదో తరగతికి పరమాణు నిర్మాణం ఎలా చెబుతున్నారో చూస్తాడట. పిల్లలు లేకపోతే బడి మూసేస్తాడట. మూస్తే ఉన్న ఎనిమిదిమందీ వాగు దాటి పక్కూరికి పోవాలి.

"పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేసి చూపిద్దాం బావా!" అన్నాడు భూషయ్య.

మధ్యలో కేంద్రకం, చుట్టూ ఎలక్ట్రాన్లు తిరుగుతుంటాయని ఉంది పుస్తకంలో. ఇంకేముంది, పానకాలు మైదానం మధ్య కుర్చీ వేసుకుని కేంద్రకమైపోయాడు. పిల్లలు చుట్టూ పరుగు.

"సార్, కాళ్ళు లాగుతున్నాయి, కాసేపు ఆగుతాం," అంది నాగసుధ. పాఠం అర్థమైంది ఆ బడి మొత్తానికి ఆ పిల్ల ఒక్కదానికే.

"ఎలక్ట్రాన్ ఆగుతుందని ఎక్కడుందే? పరుగెత్తు!"

పేజీ తిప్పారు. పరమాణువులో చాలా భాగం ఖాళీయే అని ఉంది. అంతే, బెంచీలూ బోర్డూ మోసుకెళ్ళి ఊరవతల గొడ్లపాకలో పడేశారు. చదువుకోమని గేదెలకిచ్చారన్నమాట!

ఇంకో పేజీ తిప్పారు. ఎలక్ట్రాన్లు కంటికి కనిపించవని ఉంది. అంతే, సోమవారం పొద్దున్నే పిల్లల్ని కూడా ఆ పాకలోకే తోలి గడియ పెట్టాడు భూషయ్య.

"సార్, మేం కనపడకపోతే బడి తీసేస్తారు! పాఠం నేను చెబుతాను సార్!" అని నాగసుధ లోపల్నుంచి తలుపు బాదింది.

"నోర్ముయ్! ఎలక్ట్రాన్ మాట్లాడుతుందా?"

అధికారి వచ్చాడు. ఖాళీ గదులు, మైదానంలో కుర్చీ, కుర్చీలో పానకాలు.

"పిల్లలేరయ్యా?"

"ఉన్నారండి. కంటికి కనిపించరు."

"ఎక్కడున్నారు?"

"ఫలానా చోటని కచ్చితంగా చెప్పలేమండి. పుస్తకంలోనే ఉంది!"

అధికారి బడికి తాళం వేసి వెళ్ళిపోయాడు.

పాకలోంచి బయటపడ్డ పిల్లలు మర్నాడు పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని, మోకాటి లోతు నీళ్ళలో వాగు దాటారు. మాస్టర్లిద్దరూ మాత్రం తాళం వేసిన తలుపు ముందు నిలబడి పుస్తకం తిప్పుతున్నారు.

"బావా, లోకంలో ప్రతి వస్తువూ పరమాణువులేనట!"

"అయితే ఈ తలుపూ?"

"పరమాణువులే!"

"పరమాణువంతా?"

"ఖాళీయే!"

ఇంకేముంది, ఇద్దరూ ఇరవై అడుగులు వెనక్కి నడిచి, తలలు వంచి పరుగెత్తుకొచ్చి తలుపును ఢీకొట్టారు. తలుపుకేమీ కాలేదు.

భూషయ్య బొప్పి తడుముకుంటూ లేచాడు. "ఖాళీ ఉన్నచోట తగల్లేదు బావా. కాస్త పక్కకు జరిగి మళ్ళీ గుద్దుదాం!"