జమీందారు ఎక్కిన కొత్త బండి

జమీందారు కొత్త బండి చేయించుకుంటున్నాడు. పీట కిందికి దిగాలి, చక్రాలు పెద్దవి కావాలి, రెండూ రాసుకోకూడదు. ముందు ఏం తెలియాలర్రా? ఎక్కేవాళ్ల బరువు! ఖాళీ బండికి ఉన్న సందు మనిషి ఎక్కితే ఉండదు కదా.

వడ్రంగి కొమరయ్య అదే అన్నాడు. "ఒకసారి ఎక్కండి దొరా, పీట వేలాడే తోలుపట్టీలు ఎంత సాగుతాయో చూసుకుంటాను."

"చెక్కపొట్టులో నేను కూర్చోవాలా? నా బరువు ఒక్క బస్తా వడ్లు. అది పెట్టి చూసుకో. చక్రం రాసుకుందో, నీ పనిముట్లు లాగేసుకుంటా!" అన్నాడు జమీందారు.

కొమరయ్య బస్తా పెట్టి, సరిపడా సందు వదిలాడు. ఊరేగింపు రోజు దొర ఎక్కగానే పట్టీలు సాగి, పీట చక్రాలకు కర్రుమని రాసుకుంది.

"లాక్కోండిరా వాడి ఉలీ బాడిసా!"

"అలాగే దొరా. తప్పు నాదో, బస్తాదో తేలాలిగా? తక్కెడ తెప్పించండి. ఒకవైపు ఆ బస్తా, ఒకవైపు తమరు."

జనమంతా మెడలు చాచారు. దొర గొంతు సవరించుకున్నాడు.

"రాసుకుందని ఎవడన్నాడు? అది ఎద్దుల మువ్వల చప్పుడు! తోలరా బండి!"

కర్రుకర్రుమంటూనే ఊరంతా తిరిగాడు. కొమరయ్య పనిముట్ల సంచీ భుజాన వేసుకుని ఇంటికెళ్లాడు.

సరే, ఎన్ని బస్తాలు పెట్టి చూడాల్సిందో మీరు ఆలోచిస్తూ ఉండండి. నాకు రోట్లో పప్పు సగమే నలిగింది, వెళ్లి రుబ్బేసొస్తాను.